గోడలూ గోరీలూ: మన సంఘ చరిత్రకు రెండు పుస్తకములు

(జహనుమాలో జరిగిన సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవముల సందర్భముగా దేవాలయ నిర్మాణమును గురించి, సమాధుల తోటను గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరినారు. శతాబ్ది అనగానే మనము బిషప్పుల పేర్లు, పాఠశాలల సంఖ్య, ఆసుపత్రుల సంఖ్య చెప్పుకుంటాము. అవి చెప్పుకోవలసినవే. కాని సంఘ చరిత్ర వ్రాసి ఉన్న పుస్తకములు మరి రెండు ఉన్నవి. ఒకటి గుడి గోడ, రెండవది సమాధి రాయి. మొదటి పుస్తకమును ఆదివారము ఆదివారము చూస్తూనే ఉంటాము, చదవము. రెండవ దానిని ఎవరినైనా మట్టి చేయడానికి వెళ్లినప్పుడు మాత్రమే చూస్తాము, అప్పుడు చదివే స్థితిలో ఉండము. ఈ రెండింటినీ చదవడము ఎట్లా, చదివినది మన పిల్లల కొరకు నిలుపుకోవడము ఎట్లా అన్నదే నేడు నేను చెప్పదలచినది.

గుడి లేని సమాధులు

దూరము పోనక్కరలేదు. మనము కూర్చున్న ఈ జహనుమాకు దగ్గరలోనే, ఫలక్‌నుమా వెళ్లే రైలు దారిలో ఉప్పుగూడ ఉన్నది. అక్కడ ఇండ్ల మధ్య ఒక పాత క్రైస్తవ సమాధుల తోట ఉన్నది. ఆ రాళ్ల మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరములు కావు, తెలుగు కావు, ఉర్దూ కావు. అవి అర్మేనియన్ అక్షరములు. 17వ శతాబ్దములో, అంటే కుతుబ్‌షాహీల కాలములో, ఈ నగరములో జీవించి ఇక్కడే కన్నుమూసిన అర్మేనియన్ క్రైస్తవుల సమాధులవి.

వారు ఇంత దూరము ఎట్లా వచ్చినారు? అర్మేనియా దేశము క్రీ.శ. 301లో క్రైస్తవ మతమును రాజ్య మతముగా స్వీకరించినదని వారి సంప్రదాయము. క్రీ.శ. 405 ప్రాంతములో మెస్రోప్ మష్‌తోత్స్ అను భక్తుడు వారి భాషకు లిపిని కూర్చినాడు. 1604-05 సంవత్సరములలో పారశీక చక్రవర్తి షా అబ్బాసు అరాస్ నది ఒడ్డున ఉన్న జుల్ఫా పట్టణమును ఖాళీ చేయించి, అక్కడి అర్మేనియన్లను తన రాజధాని ఇస్ఫహాను పక్కకు తరలించినాడు. వారు కట్టుకున్న పేట పేరు కొత్త జుల్ఫా. అక్కడి నుండి ఆ వర్తకులు పట్టు, రత్నములు, బట్టలు పట్టుకొని లోకమంతా తిరిగినారు. గోలకొండ వజ్రములకు, మన కోస్తా అద్దకపు బట్టలకు ఆనాడు ఎంత పేరో మీకు తెలిసినదే. మచిలీబందరు రేవులో దిగి, బండ్ల బాట పట్టి గోలకొండకు, 1591లో కట్టిన ఈ భాగ్యనగరమునకు వచ్చినారు. ఇస్లాము పాలకుల నీడలో, హిందువుల పొరుగున వర్తకము చేసుకున్నారు, ప్రార్థన చేసుకున్నారు, చనిపోయిన వారిని పాతిపెట్టుకున్నారు.

1687లో ఔరంగజేబు గోలకొండను గెలిచిన తరువాత ఈ నగర వర్తకము దెబ్బతిన్నది. మెల్లగా ఆ సంఘము కరిగిపోయినది. నేడు ఆ సమాధుల పక్కన గుడి లేదు. ఆ రాళ్ల దగ్గర తమ భాషలో ప్రార్థన చేసే మనుమలు, మునిమనుమలు ఈ పేటలో లేరు. వారు ఇక్కడ క్రీస్తు నామమున బ్రతికినారని చెప్పే సాక్ష్యము ఆ రాళ్లు మాత్రమే. చదవగల వారు వచ్చి చదివితేనే ఆ సాక్ష్యము పలుకుతుంది. అర్మేనియన్లకు అంకెల బదులు అక్షరములతో సంవత్సరము వ్రాసే అలవాటు ఉన్నది. వారి శకము క్రీ.శ. 552లో మొదలవుతుంది. ఇది తెలియని వానికి ఆ రాయి మీద తేదీ ఉన్నదన్న సంగతి కూడా తెలియదు.

మద్రాసులో దీనికి ఎదురు బొమ్మ ఉన్నది. అక్కడి అర్మేనియన్ వీధిలో 1772లో తిరిగి కట్టిన అర్మేనియన్ దేవాలయము నిలిచి ఉన్నది. ఆవరణలోని నడవలలో పరచిన రాళ్లు చాలా మట్టుకు సమాధి రాళ్లే. 1794లో ఆ నగరములో అర్మేనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక నడిపిన గురువు హారుత్యూన్ ష్మవోన్యాన్ సమాధి కూడా అక్కడనే ఉన్నది. అక్కడ గుడి ఉన్నది, సమాధులు ఉన్నవి, సంఘము మాత్రము పలచబడి పోయినది. ఉప్పుగూడలో గుడి కూడా మిగలలేదు. సంఘము ఎల్లకాలము అదే చోట ఉంటుందని అనుకొని లెక్కలు వ్రాసుకోకపోతే ఏమవుతుందో ఈ రెండు చోట్లూ మనకు చెబుతున్నవి.

మన నగరములోనే మరొక సమాధిని చూడండి. నిజాము సైన్యమునకు నాయకుడుగా ఉన్న ఫ్రెంచివాడు రేమండు 1798 మార్చి 25న చనిపోయినాడు. నగరమునకు తూర్పున అస్మాన్‌గఢ్ గుట్ట మీద అతని నల్లరాతి స్తంభము నిలిచి ఉన్నది. దాని మీద ఉన్నవి రెండు అక్షరములే. అయినను అతనిని హిందువులు మూసారాం అని, ముస్లిములు మూసారహీం అని పిలుచుకున్నారు. ఆ పేట పేరే మూసారాంబాగు అయినది. జనము నోట బ్రతికి ఉన్న సమాధికి రాత తక్కువైనా చెల్లుతుంది. జనము మరచిన సమాధికి రాత ఒక్కటే దిక్కు.

దండు నుండి సంఘమునకు

ఇప్పుడు గుడి గోడల దగ్గరకు వద్దాము. 1798లో నిజామునకు, ఇంగ్లీషు కంపెనీకి జరిగిన సంధి తరువాత ఇంగ్లీషు దండు వచ్చి హుస్సేన్‌సాగర్ అవతల దిగినది. 1806లో ఆ దండు ఊరికి సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు వచ్చినది. 1813లో అక్కడ సెయింట్ జాన్స్ దేవాలయము కట్టినారు. 1847లో బొల్లారములో హోలీ ట్రినిటీ దేవాలయము లేచినది. దానికి విక్టోరియా రాణి తన సొంత సొమ్ము ఇచ్చిందని చెప్పుకుంటారు. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి మన దేశమునకు వచ్చినప్పుడు ఆ గుడిలోనే ఆరాధనకు కూర్చున్నది. నగరము వైపున అబిడ్స్ దగ్గర సెయింట్ జార్జి దేవాలయము, దాని పక్కన 1834లో మొదలైన సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు ఉన్నవి.

ఈ గుడులు మొదట దండు వారి కొరకు, దొరల కొరకు కట్టినవి. మన పెద్దలు అప్పుడు ఎక్కడ ఉన్నారు? రాయి కొట్టిన వారిలో, సున్నము నూరిన వారిలో, గుఱ్ఱములకు గడ్డి వేసిన వారిలో, వంటశాలలలో ఉన్నారు. 19వ శతాబ్దము చివరి భాగములో వెస్లియన్ మిషను వారు, ఇతర మిషనుల వారు తెలుగు పల్లెలలోకి పోయిన తరువాతనే మన వారు బల్లల మీద కూర్చున్నారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ గుడులు, ఈ సమాధుల తోటలు, వాటి బరువు బాధ్యతలు మన చేతికి వచ్చినవి. దొరల గుడి మన గుడి అయినది. దొరల సమాధుల పక్కన మన తాతముత్తాతల సమాధులు వెలిసినవి.

గోడను ఎట్లా చదవాలి?

గుడిలోకి పోయినప్పుడు ముందుగా దిక్కు చూడండి. బలిపీఠము తూర్పున, వాకిలి పడమర ఉండడము పాత ఆచారము. కిటికీల తలలు మొనదేలి ఉంటే అది గోథిక్ పద్ధతి. ఐరోపాలో 12వ శతాబ్దములో పుట్టి, 19వ శతాబ్దములో ఇంగ్లండులో మరల బ్రతికి, దండుతో పాటు మన దగ్గరకు వచ్చినది. మొనదేలిన కమాను పైకప్పు బరువును ఎక్కువ మట్టుకు కిందికి దింపుతుంది గనుక గోడను ఎత్తుగా లేపవచ్చును. గోడ వెలుపల దిమ్మెలు కట్టి ఉంటే అవి అలంకారము కొరకు కాదు, గోడ పక్కకు ఒరగకుండా ఆపే ఊత కొరకు. మన ఎండకు అనుకూలముగా ఎత్తయిన కప్పు, మందమైన గోడలు, ముందు నీడనిచ్చే వసారా కలిపినారు.

తరువాత, ఎవరి సొమ్ము, ఎవరి చెమట అని అడగండి. మెదకు కెతీడ్రలు సంగతి మీకు తెలుసును. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆధ్వర్యములో 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటగోపురము ఎత్తు 175 అడుగులు. రంగుటద్దముల కిటికీల మీద ప్రభువు జననము, సిలువ, ఆరోహణము ఉన్నవి. వాటిని చిత్రించినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఈ పేర్లన్నీ పుస్తకములలో దొరుకుతవి. కాని కరవు కాలములో బువ్వ కొరకు వచ్చి, పని చేసి, ఆ రాళ్లను తలల మీద మోసిన స్త్రీ పురుషుల పేర్లు ఏ పలక మీద ఉన్నవి? ఆ పని గింజలతో పిల్లలను బ్రతికించుకున్న ఇండ్లలోనే కదా మెదకు సంఘములు పెరిగినవి!

డోర్నకలు చూడండి. మన దేశీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అజరయ్య గారు 1912లో అభిషేకము పొందినారు. గుడి దేశీయముగా ఉండాలని ఆయన కోరిక. ఎపిఫనీ కెతీడ్రలు 1939 జనవరిలో ప్రతిష్ఠ అయినది. ఇందులో గుడి మంటపముల స్తంభములు, మసీదు గుమ్మటములు, క్రైస్తవ సిలువ కలిసి నిలిచినవి. 1945 జనవరి 1న ఆయన నిద్రించినారు. తాను కట్టించిన దేవాలయపు ఆవరణములోనే ఆయన సమాధి ఉన్నది. మెదకు గోడ ఒక కాలమును చెబుతుంది, డోర్నకలు గోడ మరొక ఆలోచనను చెబుతుంది. గోడను చదవడమంటే ఇదే.

ఇంకొక మాట. పాత గుడుల లోపల గోడలకు పాలరాతి పలకలు, ఇత్తడి పలకలు ఉంటవి. పలక ఉన్నచోట ఆ మనిషి పాతిపెట్టబడినాడని అనుకోరాదు. అవి ఎక్కువగా జ్ఞాపక పలకలు. ఆ మనిషి ఎక్కడనో యుద్ధములోనో, ఓడలోనో పోయి ఉండవచ్చును. సమాధికి తోట రిజిస్టరు చూడాలి.

సమాధిని ఎట్లా చదవాలి?

దండు కాలపు సమాధుల తోటలో నడుస్తూ వయసులు చూడండి. ఇరువది రెండు, పందొమ్మిది, ఎనిమిది నెలలు, మూడు దినములు. ఒకే ఇంట తల్లి, బిడ్డ. కారణము వెదకితే జ్వరము, కలరా. దోమ మలేరియాను మోస్తుందన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. 1897 ఆగస్టు 20న ఈ సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ డాక్టరు దోమ కడుపులో ఆ క్రిమిని కనిపెట్టినాడు. దానికి ముందు ఉన్న సమాధులు అన్నీ ఆ అజ్ఞానమునకు కట్టిన కప్పము.

మన తెలుగు సమాధులు వేరు. మొదటి తరము వారికి రాయి లేదు. మట్టి దిబ్బ, కర్ర సిలువ, తలదిక్కున ఒక గుండు. రెండవ తరములో ఉద్యోగములు వచ్చిన తరువాత నాపరాయి పలక, ఆ మీదట సిమెంటు దిమ్మె, ఈనాడు పాలిష్ గ్రానైటు. రాతల మీద కూడ కాలము కనిపిస్తుంది. పాత రాళ్ల మీద ప్రభువునందు నిద్రించెను అని ఉంటుంది, కొత్త వాటి మీద మహిమ ప్రవేశము అని ఉంటుంది. పాత రాళ్ల మీద సొంత ఊరి పేరు, చేసిన పని ఉంటవి. బైబిలు స్త్రీ, ఉపదేశి, కాంపౌండరు, పంతులమ్మ అను ఒక్క మాట ఒక బ్రతుకునంతా చెబుతుంది. చదువు రానివాడు చెక్కిన తప్పు అక్షరములు కూడా చరిత్రయే. ఆనాడు మనవాళ్లు ఎట్లా పలికినారో అవి చెబుతవి.

దొరల సమాధులకు పుస్తకము ఉన్నది

ఇక్కడ ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. 1941లో క్రాఫ్టన్ అను అధికారి నిజాము రాజ్యములోని సమాధుల మీద, స్మారకముల మీద ఉన్న రాతలను ఊరూరా ఎత్తి వ్రాయించి, ఆ మనుష్యుల జీవిత వివరములతో పుస్తకముగా అచ్చు వేయించినాడు. అది ముఖ్యముగా ఐరోపావారి సమాధుల జాబితా. వారి బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్ల నకళ్లు మద్రాసు మీదుగా లండనుకు పోయి ఈనాటికీ భద్రముగా ఉన్నవి. 1976లో ఇంగ్లండులో దక్షిణ ఆసియా సమాధుల కొరకే ఒక సంఘము పెట్టుకొని, వేల రాతలను నమోదు చేసుకున్నారు. మనుమలు ఏడు సముద్రములు దాటి వచ్చి అడిగినా వారి తాత సమాధి ఇదిగో అని చూపించవచ్చును.

మరి మన తాతల సమాధులకు ఏ పుస్తకము ఉన్నది? మన సంఘపు రిజిస్టరు ఒకే ఒక ప్రతి. అది బీరువాలో చెదలకు, వాన చెమ్మకు ఎదురుగా ఉన్నది. రెండవ ప్రతి లేదు. మొదటి తరము గుర్తులు చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. దొరల చరిత్రను దొరలు వ్రాసుకున్నారు, అందులో తప్పు లేదు. మన చరిత్రను మనము వ్రాసుకోకపోవడమే లోపము.

ఇది తీరిక ఉన్నవారి ముచ్చట కాదు. ఈ జంట నగరములలో సమాధికి స్థలము దొరకడము ఎంత కష్టమైనదో దుఃఖపు ఇండ్ల వారికి తెలుసు. పాత తోటలు నిండిపోయినవి. ఒకే కుటుంబపు గోతిని మరల తెరచి పాతిపెట్టుకుంటున్నాము. అది తప్పని నేను అనను. బ్రతికి ఉన్న సంఘమునకు తన మృతులను గౌరవముగా ఉంచే చోటు కావాలి. శారా చనిపోయినప్పుడు అబ్రాహాము కూడా పరదేశములో నాలుగు వందల తులముల వెండి తూచి మక్పేలా పొలము కొనుక్కున్నాడు. అయితే గోతిని తెరిచినప్పుడు పాత రాయి ఏమవుతున్నది? పగిలి ప్రహరీ గోడలో పోతున్నది, లేక తోవ మీద మెట్టు అవుతున్నది. వారసులు లేని సమాధి అయితే అడిగేవారే లేరు. శరీరమునకు చోటు పంచుకోవచ్చును. పేరు చెరిపివేయనక్కరలేదు. కొత్త పేరు కింద పాత పేరు ఒక్క వరుసలో చెక్కించడానికి ఎంత ఖర్చు?

మనము చేయవలసిన పనులు

మొదటిది, ప్రతి సంఘమునకు ఒక సమాధుల పుస్తకము. యౌవనస్థులు ఇద్దరిద్దరుగా వెళ్లి తోట పటము గీసి, వరుసలకు, సమాధులకు నంబర్లు వేయాలి. ఉదయమో, సాయంకాలమో పోవాలి, అప్పుడు ఎండ ఏటవాలుగా పడి అరిగిన అక్షరముల అంచులు కనిపిస్తవి. రాయిని నీళ్లతో, మెత్తని గుడ్డతో తుడవాలి. ఇనుప బ్రష్షు, ఆసిడు తాకనివ్వరాదు. అక్షరములలో రంగు నింపరాదు. ఉన్నది ఉన్నట్లు, తప్పుతో సహా ఎత్తి వ్రాయాలి, ఫోటో తీయాలి. రాయి లేని సమాధులను గురించి పెద్దలను కూర్చోబెట్టి అడిగి, చెప్పిన వారి పేరుతో సహా వ్రాయాలి.

రెండవది, రిజిస్టర్లకు నకలు. ఒకటి సంఘములో, ఒకటి అధ్యక్ష మండల కార్యాలయములో. ఒకే ఇంట్లో రెండు ప్రతులు పెడితే అది ఒక ప్రతితో సమానము.

మూడవది, మరమ్మతు. పాత గుడులు గానుగలో నూరిన డంగు సున్నముతో కట్టినవి. బెల్లము, కరక్కాయ నీళ్లు కలిపి నూరిన ఆ సున్నము గోడను ఊపిరి పీల్చనిస్తుంది. లోపలికి చేరిన చెమ్మ బయటికి పోతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే చెమ్మ లోపలనే నిలిచి గోడను తినివేస్తుంది. నాలుగేండ్లు నున్నగా కనిపించి, ఐదవ ఏట పెచ్చులు ఊడుతవి. సున్నపు పని ఎంత కాలము నిలుస్తుందో తెలియాలంటే మన పక్కనే సంతోష్‌నగర్ దగ్గర ఉన్న పాయిగా వారి సమాధులను చూడండి, ఆ నగిషీలో చాలా భాగము సున్నమే. గోపురము మీద రావి మొక్క మొలిస్తే వ్రేలంత ఉన్నప్పుడే తీయాలి. చేయంత అయినాక తీస్తే రాయి కూడ వస్తుంది.

నాలుగవది, పిల్లలు. యొర్దాను దాటిన తరువాత యెహోషువ పన్నెండు రాళ్లు నిలబెట్టించినాడు, రాబోవు పిల్లలు అడిగితే పెద్దలు చెప్పడానికి. రాయి ఉంటే చాలదు, అడిగే పిల్లవాడు కావాలి, చెప్పే పెద్ద కావాలి. సండే స్కూలు పిల్లలను ఏటికి ఒకసారి తోటకు తీసుకొని పోయి, ఒక్కొక్కరికి ఒక్కొక్క సమాధి చూపించి, ఆ మనిషి కథ తెలుసుకొని రమ్మనండి. భయము పోతుంది, బంధుత్వము వస్తుంది.

ప్రియులారా, ఉప్పుగూడ అర్మేనియన్లు ధనవంతులు, లోకము తిరిగినవారు, తమకంటూ లిపి ఉన్నవారు. అయినను నేడు ఈ నగరములో వారి కొరకు మాట్లాడేవి కొన్ని రాళ్లు మాత్రమే. మన ముత్తాతలకు ఆ రాయి కూడా దొరకలేదు. వారికి ఉన్నది మన జ్ఞాపకము ఒక్కటే. అది కాగితము మీదికి ఎక్కక ముందే మనము పోతే, వారు రెండవసారి చనిపోయినట్లే. ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి సంఘము ఒక నోటుపుస్తకము కొని, మొదటి పుట మీద మొదటి సమాధి పేరు వ్రాస్తే, ఎన్ని దీపతోరణములు కట్టినా దానికి సాటి రాదు. మరి వంద సంవత్సరములకు ఈ తోటలో నడిచే వారు మనలను కూడ పేరు పెట్టి పిలువగలుగుతారు.

 ప్రభువు మన సంఘములను దీవించును గాక.